గేమింగ్ కంప్యూటర్‌లో బహుళ గ్రాఫిక్స్ కార్డులు: ప్రయోజనం, పరిమితులు, నిర్ణయం

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ ఆటల కోసం ఒకే యంత్రంలో రెండు లేదా అంతకంటే ఎక్కువ గ్రాఫిక్స్ కార్డులను అమర్చే పద్ధతి 1998లో మొదలై సుమారు రెండు దశాబ్దాలపాటు ప్రచారంలో ఉంది. తయారీ సంస్థలు ఆ పద్ధతిని క్రమంగా విడిచిపెట్టినా, రెండవ కార్డు చేరిస్తే వేగం రెట్టింపవుతుందన్న అభిప్రాయం కొనుగోలుదారులలో ఇంకా మిగిలి ఉంది. రెండు కార్డుల మధ్య పని ఎలా విభజన చెందుతుంది, ఆ విభజన ఆటల విషయంలో ఎందుకు విఫలమైంది, ఏయే పనులలో ఇప్పటికీ సఫలమవుతోంది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కొనుగోలుకు ముందు అనుసరించదగిన నిర్ణయక్రమాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: గ్రాఫిక్స్ కార్డు, ఫ్రేము, పని విభజన, ఎస్ఎల్ఐ, క్రాస్‌ఫైర్, ఫ్రేముల ఎడం, గ్రాఫిక్స్ మెమరీ.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ ఆటలు ఆడే యంత్రంలో అత్యధిక వ్యయం సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుదే. ఇంజనీరింగ్ చదివే విద్యార్థి ఉన్న ఇంట్లో ఈ కొనుగోలు ఒక చిన్న ఆర్థిక నిర్ణయం కాదు. ఉన్న కార్డు కొత్త ఆటలకు చాలనప్పుడు రెండు మార్గాలు కనిపిస్తాయి. దానిని తీసివేసి మరింత శక్తిమంతమైన కార్డును కొనడం ఒకటి. అదే రకం కార్డును పాతసామాను ధరకు తెచ్చి మొదటిదాని పక్కన అమర్చడం రెండవది. చేతిలో ఉన్న వస్తువును వదులుకోనక్కర లేదు కాబట్టి రెండవ మార్గం పొదుపుగా తోస్తుంది. ఆ పొదుపు నిజమైనదేనా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

ఈ విషయంలో కలిగే పొరపాటుకు భాష కూడా కొంత కారణం. ‘రెండు కార్డులను కలపడం’ అన్నప్పుడు ‘కలపడం’ అనే క్రియ జోడించడాన్నీ, కూడికనూ ఒకేసారి స్ఫురింపజేస్తుంది. ఒక కార్డుకు నాలుగు గిగాబైట్ల మెమరీ ఉంటే రెండింటికీ కలిపి ఎనిమిది అనుకోవడం ఈ రెండవ అర్థంనుంచి వచ్చిన భావన. కార్డులు జోడింపబడతాయి గాని వాటి శక్తి కూడిక లెక్కలో పెరగదు. పెరుగుదల ఎంత అన్నది కార్డుల సంఖ్యపై కంటే, చేయవలసిన పని ఎంతవరకు విడదీయడానికి వీలుగా ఉంది అన్న అంశంపై ఎక్కువగా ఆధారపడుతుంది.

2. ఫ్రేము – కాలపరిమితి:

ఆటలో కనిపించే చలనం వరుసగా గీసిన నిశ్చల చిత్రాల ప్రవాహం. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క దానికి లభించే కాలం సుమారు 16.7 మిల్లీసెకండ్లు. 30 ఫ్రేములైతే 33.3 మిల్లీసెకండ్లు. ఈ గడువులోగా ప్రాసెసర్ ఆట స్థితిని లెక్కగట్టి, ఏ వస్తువులు ఎక్కడ ఉన్నాయో నిర్ణయించి, గీయవలసిన వాటి ఆదేశాలను కార్డుకు పంపుతుంది. కార్డు ఆ వస్తువుల జ్యామితిని లెక్కించి, ప్రతి బిందువుకూ రంగును నిర్ధారిస్తుంది.

బిందువుల సంఖ్య పెరిగేకొద్దీ కార్డుపై భారం పెరుగుతుంది. 1920×1080 తెరపై 20,73,600 బిందువులు ఉంటాయి. 3840×2160 తెరపై అవి 82,94,400. అంటే సరిగ్గా నాలుగు రెట్లు. బిందువుల రంగులను చాలావరకు ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా లెక్కించవచ్చు. ఒకే కార్డులో వేలాది చిన్న గణన విభాగాలు ఏకకాలంలో పనిచేయగలగడానికి కారణం ఇదే. ఒక కార్డు లోపల ఇంత సహజంగా సాగే విభజన రెండు కార్డుల మధ్య ఎందుకు సాగదన్న సందేహం ఇక్కడ కలుగుతుంది. దానికి సమాధానం ఈ పద్ధతి చరిత్రలో లభిస్తుంది.

3. చారిత్రక నేపథ్యం:

1998లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ2 కార్డును విడుదల చేసింది. రెండు వూడూ2 కార్డులను ఒక పట్టీ కేబులుతో అనుసంధానించే వీలు అందులో ఉండేది. తెరపై సరిసంఖ్య వరుసలను ఒక కార్డు, బేసిసంఖ్య వరుసలను మరొక కార్డు గీసేవి. ఈ విధానాన్ని స్కాన్‌లైన్ ఇంటర్‌లీవ్ అన్నారు. ఎస్ఎల్ఐ అనే మాటకు తొలి విస్తరణ ఇదే. ఒక కార్డుతో లోతు లెక్కలతో కూడిన త్రిమితీయ చిత్రం 800×600 వరకే సాధ్యం కాగా, జంటతో 1024×768 సాధ్యమైంది. తెర చిత్రాన్ని నిలువచేసే మెమరీ భాగం రెండు కార్డుల మధ్య పంపకమైంది. వస్తువుల పైపూత చిత్రాలు మాత్రం రెండింటిలోనూ ఉండవలసి వచ్చింది. అంటే మెమరీ పూర్తిగా కూడని స్థితి ఆనాడే ఉంది.

అయినా ఆ విభజన సఫలమైంది. ఆ కాలపు కార్డులు వస్తువుల జ్యామితిని లెక్కించేవి కావు. అది ప్రాసెసర్ పని. కార్డులు బిందువులకు రంగు నింపడమే చేసేవి. వరుసలను పంచుకున్నప్పుడు ఆ పని దాదాపు సమానంగా సగమయ్యేది. 1999లో వచ్చిన జీఫోర్స్ 256 నుంచి జ్యామితి గణన కూడా కార్డులోకి చేరింది. అప్పటినుంచి తెరను ముక్కలు చేసినా, ఏ వస్తువు ఏ ముక్కలో పడుతుందో తేల్చే పని రెండు కార్డులూ విడివిడిగా చేయవలసి వచ్చింది.

త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులను ఎన్విడియా కొనుగోలు చేస్తున్నట్టు 2000 డిసెంబరులో వెల్లడైంది. 2004లో జీఫోర్స్ 6 శ్రేణితో ఎన్విడియా ఎస్ఎల్ఐ అనే పేరును స్కేలబుల్ లింక్ ఇంటర్‌ఫేస్ అనే కొత్త విస్తరణతో మళ్లీ ప్రవేశపెట్టింది. మరుసటి సంవత్సరం ఏటీఐ సంస్థ క్రాస్‌ఫైర్ అనే పోటీ పద్ధతిని తెచ్చింది. 2006లో ఏటీఐ ఏఎమ్‌డీలో విలీనమైంది. తరువాతి దశాబ్దంలో మూడు, నాలుగు కార్డుల యంత్రాలు కూడా ప్రదర్శనలలో కనిపించాయి. మూడు తెరలపై ఒకే ఆటను ఆడాలనుకున్నవారికి ఆ రోజుల్లో ఏ ఒక్క కార్డూ చాలేది కాదు. కాబట్టి ఆనాడు రెండు కార్డులు కొన్నవారిది అనాలోచిత నిర్ణయమని చెప్పడానికి వీలులేదు.

4. పని విభజన పద్ధతులు:

4.1 ఫ్రేమును ముక్కలు చేయడం: ఒకే ఫ్రేము పైభాగాన్ని ఒక కార్డు, కిందిభాగాన్ని మరొకటి గీస్తాయి. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. పైన చెప్పినట్లు జ్యామితి గణన పునరావృతమవుతుంది. అంతేగాక రెండు భాగాల భారం సమానం కాదు. పైభాగంలో ఖాళీ ఆకాశం, కిందిభాగంలో చెట్లు, భవనాలు ఉంటే మొదటి కార్డు పని ముగించి రెండవదానికోసం ఎదురుచూస్తుంది. సమతూకం కోసం విభజన రేఖను ప్రతి ఫ్రేముకూ జరుపుతూ ఉండవలసివస్తుంది.

4.2 ఫ్రేములను వంతులుగా పంచడం: ఒకటవ ఫ్రేము మొదటి కార్డుకు, రెండవ ఫ్రేము రెండవ కార్డుకు, మూడవది మళ్లీ మొదటిదానికి. 1999 చివర ఏటీఐ వెలువరించిన రేజ్ ఫ్యూరీ మ్యాక్స్ ఒకే కార్డుపై రెండు చిప్పులతో ఈ పద్ధతిని వాడింది. జ్యామితి పునరావృతం కాదు. భారం కూడా ఇంచుమించు సమానంగా ఉంటుంది. అందువల్ల ఎస్ఎల్ఐ, క్రాస్‌ఫైర్‌లలో ఇదే ప్రధాన పద్ధతిగా స్థిరపడింది.

4.3 పనిని రకాలవారీగా పంచడం: చిత్రాన్ని ఒక కార్డు గీస్తే, భౌతిక చలనాల లెక్కను మరొకటి చేయడం ఇందుకు ఉదాహరణ. ఎన్విడియా ఫిజెక్స్ సాంకేతికతలో ఈ వీలు ఉండేది. రెండు కళ్లకు రెండు చిత్రాలు కావలసిన వర్చువల్ రియాలిటీలో ఒక్కొక్క కంటిని ఒక్కొక్క కార్డుకు అప్పగించే ఏర్పాటునూ రెండు సంస్థలు రూపొందించాయి.

5. వేగం రెట్టింపు కాకపోవడానికి కారణాలు:

5.1 ప్రాసెసర్ పరిమితి: ఒక పనిలో విభజనకు లొంగని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందన్న సూత్రాన్ని జీన్ ఆమ్‌డాల్ 1967లో ప్రతిపాదించాడు. దీనిని ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఒక ఆటలో ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్‌కు 12, కార్డుకు 20 మిల్లీసెకండ్లు పడుతున్నాయనుకుందాం. రెండూ సమాంతరంగా సాగుతాయి కాబట్టి నిదానమైనదే వేగాన్ని నిర్ణయిస్తుంది. అంటే సెకనుకు 50 ఫ్రేములు. రెండవ కార్డు చేర్చితే, ఏ నష్టమూ లేదనుకున్నా, కార్డుల వాటా సగటున 10 మిల్లీసెకండ్లకు తగ్గుతుంది. ఇప్పుడు హద్దు ప్రాసెసర్ తీసుకునే 12 మిల్లీసెకండ్లు. వేగం సెకనుకు 83 ఫ్రేములు. ఖర్చు రెండింతలైనా వేగం 1.67 రెట్లే పెరిగింది. మొదటినుంచీ ప్రాసెసరే నిదానమైతే రెండవ కార్డు వల్ల ప్రయోజనం శూన్యం.

5.2 మెమరీ: వంతుల పద్ధతిలో ప్రతి కార్డూ పూర్తి దృశ్యాన్ని గీస్తుంది. అందువల్ల దృశ్యానికి కావలసిన సమస్త సామగ్రీ రెండు మెమరీలలోనూ ఉండాలి. నాలుగు గిగాబైట్ల కార్డులు రెండున్నా ఆటకు దక్కేది నాలుగే. కొత్త ఆటకు ఎనిమిది గిగాబైట్లు అవసరమైతే, పాత కార్డుకు జత తేవడం ఆ కొరతను ఏమాత్రం తీర్చదు. పాత కార్డులు వెనుకబడటానికి మెమరీ కొరత తరచూ ముఖ్యకారణం కాబట్టి, ఈ ఒక్క విషయమే అనేక సందర్భాలలో నిర్ణయాన్ని తేల్చివేస్తుంది.

5.3 ఫ్రేముల మధ్య ఎడం: సగటు వేగం ఒక్కటే అనుభవాన్ని తెలియజేయదు. మొదటి కార్డు 0, 33, 66 మిల్లీసెకండ్ల వద్ద, రెండవ కార్డు 5, 38, 71 మిల్లీసెకండ్ల వద్ద ఫ్రేములను ముగించాయనుకుందాం. ఫ్రేముల మధ్య ఎడం 5, 28, 5, 28 చొప్పున ఉంటుంది. సగటు 16.5 మిల్లీసెకండ్లు; కొలమానం సెకనుకు 60 ఫ్రేములని చూపుతుంది. కంటికి మాత్రం ప్రతి 28 మిల్లీసెకండ్ల ఎడం ఒక తడబాటుగా తెలుస్తుంది. చలనం సెకనుకు 36 ఫ్రేముల స్థాయికి దగ్గరగా అనిపిస్తుంది. లయ తప్పిన పద్యపఠనంలో అక్షరాల సంఖ్య సరిపోయినా చెవికి ఇంపు కలగనట్లే ఇదీ.

ఈ లోపం చాలాకాలం కొలతలకు అందలేదు. 2011లో ద టెక్ రిపోర్ట్ పత్రికలో స్కాట్ వాసన్ సగటును పక్కనబెట్టి ప్రతి ఫ్రేముకూ పట్టిన కాలాన్ని పరిశీలించే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 2013లో ఎన్విడియా ఎఫ్‌క్యాట్ అనే కొలమాన సాధనాన్ని వెలువరించింది. అదే సంవత్సరం ఆగస్టులో ఏఎమ్‌డీ ఫ్రేముల ఎడాన్ని సరిచేసే డ్రైవర్‌ను విడుదల చేసింది. కొలిచే పద్ధతి మారడంతో జంట కార్డుల విలువే మారిపోయింది. ఒక వస్తువు గుణనిర్ణయంలో ఏది కొలుస్తున్నామన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ ఘట్టం తెలియజేస్తుంది.

5.4 స్పందనలో ఆలస్యం: ఒక కార్డు ఒక ఫ్రేమును 33.3 మిల్లీసెకండ్లలో గీస్తే, వంతుల పద్ధతిలో రెండు కార్డులు 16.7 మిల్లీసెకండ్లకొక ఫ్రేమును అందించగలవు. కాని ఏ ఒక్క ఫ్రేమూ 33.3 మిల్లీసెకండ్ల కంటే త్వరగా తయారుకాదు. ఆటగాడు మీట నొక్కిన క్షణానికీ, దాని ఫలితం తెరపై కనిపించే క్షణానికీ మధ్య కాలం తగ్గదు. రెండు రెట్లు వేగమైన ఒకే కార్డు అదే ఫ్రేమును 16.7 మిల్లీసెకండ్లలో ముగిస్తుంది. అంకెలలో రెండూ 60 ఫ్రేములే అయినా చేతికి తెలిసే చురుకుదనం వేరు.

5.5 పూర్వ ఫ్రేముపై ఆధారపడటం: ఇది అన్నిటికంటె లోతైన కారణం. 2010 తరువాతి దశాబ్దంలో ఆటల చిత్రణ పద్ధతి మారింది. అంచుల గరుకుదనాన్ని తొలగించడానికి, తక్కువ బిందువులతో గీసిన చిత్రాన్ని పెద్దదిగా మలచడానికి గడచిన ఫ్రేముల సమాచారాన్ని వాడుకోవడం సర్వసాధారణమైంది. దీనితో ఒక ఫ్రేమును ముగించాలంటే దాని ముందు ఫ్రేము చేతిలో ఉండాలి.

జంటకవుల ఆశువు ఇక్కడ పోలికకు వస్తుంది. ఇద్దరు కవులు వేర్వేరు గదులలో కూర్చుని చెరొక పద్యం చెప్పవచ్చు. ఏ అడ్డూ లేదు. ఒకే వృత్తపద్యంలో చెరొక పాదం ఏకకాలంలో చెప్పమంటే కుదరదు. మొదటి పాదంలోని ప్రాసాక్షరం తెలియనిదే రెండవ పాదం మొదలుపెట్టడానికి వీలులేదు. ఆ అక్షరం చెవినపడేదాకా రెండవ కవి ఆగవలసిందే. వంతుల పద్ధతిలో రెండవ కార్డు స్థితి ఇదే. పాత ఆటలలో ఫ్రేములు విడివిడి పద్యాల వంటివి. కొత్త ఆటలలో అవి ఒకే పద్యంలోని పాదాలయ్యాయి.

ఆ ‘ప్రాసాక్షరాన్ని’ అందించడానికీ కాలం పడుతుంది. 3840×2160 ఫ్రేములో బిందువుకు నాలుగు బైట్ల చొప్పున సుమారు 33 మెగాబైట్ల సమాచారం ఉంటుంది. ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ కోసం వచ్చే 16 మార్గాలను రెండు కార్డులు ఎనిమిదేసి చొప్పున పంచుకుంటే, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0లో ఒక్కొక్కదానికి లభించేది సెకనుకు దాదాపు 7.9 గిగాబైట్లు. ఒక్క ఫ్రేమును బదిలీ చేయడానికే 4.2 మిల్లీసెకండ్లు, అంటే 16.7 మిల్లీసెకండ్ల గడువులో నాలుగవ వంతు. లోతు, చలనం వంటి అదనపు సమాచారం తోడైతే ఇది ఇంకా పెరుగుతుంది.

6. బాధ్యత చేతులు మారడం:

ఎస్ఎల్ఐ, క్రాస్‌ఫైర్‌లలో పని పంపిణీ బాధ్యత డ్రైవర్‌ది. ప్రతి ఆటకూ ప్రత్యేకమైన అమరికను కార్డు తయారీ సంస్థ సిద్ధంచేసేది. 2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వచ్చిన వల్కన్ ఈ స్థితిని మార్చాయి. కార్డులపై నేరుగా అధికారం ఆట నిర్మాతలకు లభించింది. వేర్వేరు సంస్థల కార్డులను సైతం ఒకే ఆటలో వాడే అవకాశం సిద్ధాంతరీత్యా ఏర్పడింది. యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ అనే ఆట దీనిని ఆచరణలో నిరూపించింది కూడా.

అధికారంతోపాటు భారమూ నిర్మాతలపైనే పడింది. రెండు కార్డులున్న ఆటగాళ్లు అతి కొద్దిమంది. వారికోసం నెలల తరబడి శ్రమించడం చాలా సంస్థలకు లాభసాటిగా తోచలేదు. తోడ్పాటు తగ్గేకొద్దీ జంట కార్డులు కొనేవారు తగ్గారు; కొనేవారు తగ్గేకొద్దీ తోడ్పాటు మరింత తగ్గింది. 2016లో ఎన్విడియా పాస్కల్ శ్రేణిలో రెండు కార్డుల జతకే ప్రాధాన్యమిచ్చి, జీటీఎక్స్ 1060కి ఎస్ఎల్ఐ సౌకర్యాన్ని పూర్తిగా తొలగించింది. 2020లో ఆర్‌టీఎక్స్ 30 శ్రేణిలో 3090కి మాత్రమే అనుసంధాన సౌకర్యం మిగిలింది. 2021 జనవరి 1 నుంచి కొత్త ఆటలకు ఎస్ఎల్ఐ డ్రైవర్ అమరికలను చేర్చబోమని ఆ సంస్థ ప్రకటించింది. 2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090లో ఆ సౌకర్యం కూడా లేదు.

7. ఒక నిర్దిష్ట సందర్భం – 2016:

2016 కంప్యూటెక్స్ ప్రదర్శన సమయంలో ఏఎమ్‌డీ రెండు ఆర్ఎక్స్ 480 కార్డులను ఎన్విడియా జీటీఎక్స్ 1080తో పోల్చి చూపింది. వేదికపై నడిచిన ఆట యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ. 500 డాలర్లకు లోపు ఖర్చయ్యే జంట, 600 డాలర్ల స్థాయి కార్డు కంటె ముందు నిలిచింది. ప్రదర్శన అబద్ధం కాదు. కాని ఆ నిజం ఆ ఆటకు సంబంధించినది. రెండు కార్డుల పంపిణీని నిర్మాతలు స్వయంగా సమకూర్చిన ఆట అది.

ఆ ప్రదర్శనను నమ్మి కొన్న వ్యక్తి స్థితిని లెక్కించి చూడవచ్చు. ఎనిమిది గిగాబైట్ల ఆర్ఎక్స్ 480 ధర 239 డాలర్లు, రెండింటికి 478. జీటీఎక్స్ 1080 ధర 599 డాలర్లు. మిగులు 121 డాలర్లు. జంట విద్యుత్ సామర్థ్యం 150 వాట్ల చొప్పున 300 వాట్లు. 1080ది 180 వాట్లు. రెండు పక్షాలలోనూ ఆటకు దక్కే మెమరీ ఎనిమిది గిగాబైట్లే. జంటకు తోడ్పాటు లేని ఆటను తెరిచిన క్షణంలో 478 డాలర్ల జంట 239 డాలర్ల కార్డుగా మారిపోతుంది. తరువాతి సంవత్సరాలలో అటువంటి ఆటలే ఎక్కువయ్యాయి. ఏక కార్డు కొన్నవారికి మాత్రం ప్రతి కొత్త ఆటలోనూ పూర్తి శక్తి దక్కింది. జంట విలువ ఇతరుల నిర్ణయాలపై ఆధారపడిన విలువ అన్నది ఈ సందర్భం నేర్పే పాఠం.

8. విద్యుత్తు, వేడి, అనుబంధ వ్యయం:

రెండవ కార్డు ధరతో ఖర్చు ముగియదు. ఆర్‌టీఎక్స్ 3090 ఒక్కొక్కటి 350 వాట్ల కార్డు. ఆ జంటకు 700, మిగిలిన యంత్రానికి 250 అనుకున్నా మొత్తం 950 వాట్లు. వెయ్యి వాట్లకు మించిన పవర్ సప్లై తప్పదు. సాధారణ గృహ ఇన్వర్టర్లు చాలావరకు ఈ భారాన్ని మోయలేవు. రెండవ కార్డు రోజుకు నాలుగు గంటలు పూర్తిగా పనిచేస్తే 1.4 యూనిట్లు, నెలకు 42 యూనిట్లు. శ్లాబుల పద్ధతిలో బిల్లు వచ్చే తెలుగు రాష్ట్రాలలో ఈ అదనపు వాడకం ఇంటి మొత్తాన్ని పై శ్లాబులోకి నెట్టవచ్చు.

కార్డు తీసుకున్న విద్యుత్తంతా చివరకు వేడిగా గదిలోకి వస్తుంది. 700 వాట్ల జంట ఒక చిన్న గది హీటరుకు సమానం. వేసవిలో 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం వంటి చోట్ల ఆ వేడిని బయటకు పంపడానికి మరికొంత విద్యుత్తు కావాలి. రెండు కార్డులు దగ్గరగా ఉన్నప్పుడు కిందిదాని వేడిగాలినే పైది పీల్చుకుంటుంది. వేడెక్కిన పైకార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు అలసితే రెండవదీ నెమ్మదించవలసిందే.

మదర్‌బోర్డు విషయంలోనూ జాగ్రత్త అవసరం. రెండు పొడవైన స్లాట్లు కనిపించినంత మాత్రాన రెండూ సమానం కావు. చాలా బోర్డులలో రెండవ స్లాటుకు నాలుగు మార్గాలే ఉంటాయి. అవి కూడా నేరుగా ప్రాసెసర్‌కు కాక మధ్యనున్న చిప్‌సెట్‌కు చేరుతాయి.

9. రెండు కార్డులు సార్థకమయ్యే పనులు:

పైన చెప్పినదంతా కార్డుల లోపం కాదు; ఆట అనే పని స్వభావం. యానిమేషన్ చిత్రాన్ని బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసేటప్పుడు ఒక్కొక్క ఫ్రేముకు నిమిషాలు పట్టవచ్చు. ఫ్రేములను లేదా ఫ్రేములోని ముక్కలను రెండు కార్డులకు పంచితే కాలం దాదాపు సగమవుతుంది. గడువు 16.7 మిల్లీసెకండ్లు కానప్పుడు, బదిలీకి పట్టే నాలుగు మిల్లీసెకండ్లు లెక్కలోకి రావు.

భాషా నమూనాల విషయం తెలుగు పరిశోధకులకు మరింత దగ్గరిది. తెలుగు ముద్రిత ప్రతులను యంత్రం చేత చదివించడం, తెలుగు వాక్కును అక్షరాలలోకి మార్చడం, తెలుగు పాఠాలపై నమూనాలకు శిక్షణ ఇవ్వడం వంటి పనులన్నిటికీ గ్రాఫిక్స్ కార్డులే ఆధారం. శిక్షణ సామగ్రిని రెండు భాగాలు చేసి చెరొక కార్డుకు ఇచ్చి, ఫలితాలను మధ్యమధ్య సరిచూసుకోవచ్చు. ఒక కార్డు మెమరీలో పట్టని పెద్ద నమూనాను పొరలవారీగా విడదీసి, కొన్ని పొరలను ఒకదానిలో, మిగిలినవాటిని మరొకదానిలో ఉంచవచ్చు. ఇక్కడ 24, 24 గిగాబైట్లు నిజంగానే దాదాపు 48 అవుతాయి. అవే రెండు కార్డులు, అదే యంత్రం. ఆటలో మెమరీ కూడదు, నమూనాలో కూడుతుంది. విభజనకు లొంగే గుణం పనిలో ఉందా లేదా అన్నదే భేదం.

ఆటలలోనూ ఒక చిన్న మినహాయింపు ఇటీవల కనిపిస్తోంది. లాస్‌లెస్ స్కేలింగ్ వంటి సాఫ్ట్‌వేర్ ద్వారా ఒక కార్డు ఆటను గీస్తుండగా, రెండవ కార్డు ఆ ఫ్రేముల మధ్య ఊహా ఫ్రేములను సృష్టిస్తుంది. ఇది 4.3లో చెప్పిన రకాలవారీ విభజన. ఆటకు కొత్త తోడ్పాటు అక్కరలేదు. కార్డులు ఒకే రకానివి కానక్కర లేదు. అయితే మధ్య ఫ్రేమును ఊహించడానికి తరువాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాలి కాబట్టి స్పందనలో ఆలస్యం పెరుగుతుంది. చలనం నునుపవుతుంది గాని ఆట చురుకవదు.

10. నిర్ణయక్రమం:

మొదట, వేగానికి హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆటలో తెర బిందువుల సంఖ్యను తగ్గించి చూడాలి. ఫ్రేముల వేగం పెరిగితే హద్దు కార్డుది. పెరగకపోతే హద్దు ప్రాసెసర్‌ది. అప్పుడు ఏ కొత్త కార్డూ అవసరం లేదు.

రెండు, ఆట కోరుతున్న మెమరీ ఉన్న కార్డు మెమరీని మించితే రెండవ కార్డు ఆలోచనను అక్కడితో విడిచిపెట్టాలి.

మూడు, నిజంగా ఆడుతున్న ఆటల జాబితా రాసుకుని, వాటిలో రెండు కార్డులకు తోడ్పాటు ఎన్నిటికి ఉందో చూడాలి. 2010–2016 మధ్యకాలపు ఆటలనే ఆడేవారికి, చేతిలో తగిన బోర్డు ఉంటే, చవకగా దొరికిన జత ఇప్పటికీ ఉపయోగపడవచ్చు.

నాలుగు, రెండవ కార్డు ధరకు పవర్ సప్లై, బోర్డు, గాలి ప్రసరణ ఏర్పాట్ల వ్యయాన్ని కలపాలి. ఆ మొత్తానికి పాత కార్డును అమ్మితే వచ్చే సొమ్మును చేర్చి, అంతకు ఏ ఏక కార్డు లభిస్తుందో పోల్చాలి. సాధారణంగా ఏక కార్డే మేలైనదిగా తేలుతుంది.

అయిదు, యంత్రం ఆటలకు మాత్రమే కాక యానిమేషన్‌కు, భాషా నమూనాల శిక్షణకు కూడా వాడేదైతే, ఆ పనులు వారంలో ఎన్ని గంటలు సాగుతాయో అంచనా వేయాలి. రెండవ కార్డు కొనడానికి న్యాయమైన కారణం ఆ గంటలలో ఉంటుంది. విద్యాసంస్థ శాఖలు యంత్రాలకు ప్రతిపాదనలు రాసేటప్పుడు కూడా ఈ భేదాన్ని స్పష్టంగా పేర్కొనడం అవసరం.

11. ముగింపు:

1. రెండు కార్డుల ప్రయోజనం వాటి సంఖ్య కంటె పని విభజన స్వభావంపై ఎక్కువగా ఆధారపడుతుంది.

2. 1998లో బిందువుల వరుసలు, 2004లో ఫ్రేములు పరస్పరం స్వతంత్రంగా ఉన్నందువల్ల జంట కార్డులు రాణించాయి. ఫ్రేములు ఒకదానిపై మరొకటి ఆధారపడటంతో ఆ పునాది తొలగింది.

3. సగటు వేగాన్ని కొలిచినంతకాలం జంట మేలైనదిగా కనిపించింది. ఫ్రేముల మధ్య ఎడాన్ని కొలవడం మొదలైన తరువాత దాని లోపం బయటపడింది.

4. ఏక కార్డు విలువ దానిలోనే ఉంటుంది. జంట విలువ డ్రైవర్ రచయితలు, ఆట నిర్మాతలు కొనసాగించే తోడ్పాటుపై నిలిచి ఉంటుంది.

5. నేటి ఆటల కోసం నిర్మించే యంత్రానికి స్థోమతలో లభించే మేలైన ఒక్క కార్డే తగినది. యానిమేషన్, భాషా నమూనాల శిక్షణ వంటి విడదీయదగిన పనులకు రెండవ కార్డు సార్థకమవుతుంది. ఒకే యంత్రం రెండు అవసరాలకూ వాడేచోట, రెండవ కార్డు ఖర్చును ఆట పేరున కాక పని పేరున సమర్థించుకోవడమే సబబు.